మెల్లగా... ఆపైన ఒక్కసారిగా

గత నెల ఈ శీర్షికలో పాట మధ్యలో వచ్చే నిశ్శబ్దం గురించి రెండు ముక్కలు రాశాను. తర్వాత వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకే పాట పేరు కనిపించింది: ఇంగ్లండ్ రాక్ బృందం రేడియోహెడ్ వాళ్ళ ‘క్రీప్’. నేను గిటార్ పట్టిన కొత్తలో చేతి వేళ్ళు కాయలు కాసేలా సాధన చేసిన పాట అది. ఇప్పటికీ నాకు ఇష్టమైన పాటల్లో ముందు వరసలో ఉంటుంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ పాటకీ, దాని చుట్టూ ఉన్న ప్రశ్నలకీ ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, కాలేజీ రోజుల నుంచి ‘క్రీప్’ వింటున్నాను. మొదటి పల్లవి ముందు గిటార్ గరగరా గీరుతుంది కదా, అది ఎక్కడ వస్తుందో నాకు కంఠతా వచ్చు. అయినా వచ్చిన ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది. తెలిసిన చప్పుడుకు కూడా ఇలా ఎందుకు ఉలిక్కిపడతాం?

ముందు ఆ పాటను ఎలా కట్టారో చూద్దాం. 1992లో వచ్చిన ఈ పాటలో మొదటి నుంచి చివరిదాకా నాలుగే కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు): జీ మేజర్, బీ మేజర్, సీ మేజర్, సీ మైనర్. ఒక్కో కార్డుకు రెండు బార్లు (బార్ అంటే ఇక్కడ నాలుగు దెబ్బల కొలత). ఎనిమిది బార్లకు ఒక చుట్టు పూర్తయి మళ్ళీ మొదటికొస్తుంది. చరణంలో అవే. పల్లవిలో అవే. మధ్యలో గాయకుడు థామ్ యార్క్ గొంతెత్తి చాలాసేపు పట్టి నిలబెట్టే ఆ భాగంలో కూడా అవే.

చాలా పాటల్లో పల్లవి వచ్చిందని చెప్పడానికి కార్డులు మారుస్తారు. కొత్త కార్డు వినపడగానే కొత్త గదిలోకి అడుగుపెట్టినట్టు ఉంటుంది. ఇక్కడ ఆ దారి పూర్తిగా మూసేశారు. గది అదే. లైటు వేయడం, ఆర్పడం మాత్రమే చేతిలో ఉంది. కాబట్టి చప్పుడు పెరగడం, తగ్గడం ఈ పాటకు పైన వేసిన అలంకారం అనుకోకండి. పాట రూపమే దాని మీద నిలబడి ఉంది. ఎవరైనా ఈ పాటను మొదటి నుంచి చివరిదాకా ఒకే జోరుతో వాయిస్తే ఎనిమిది బార్ల ముక్క తిరిగి తిరిగి వస్తున్నట్టే ఉంటుంది. నేను అలా వాయించి చూశాను. రెండో చరణానికే విసుగొచ్చేసింది.

ఇప్పుడు ఆ కార్డుల లోపల ఒక్క స్వరం నడకను పట్టుకోండి. జీ కార్డులో డీ అనే స్వరం ఉంది. బీ మేజర్‌కు వచ్చేసరికి అది అర మెట్టు పైకెక్కి డీ షార్ప్ అవుతుంది. సీ మేజర్‌లో ఇంకో అర మెట్టు ఎక్కి ఈ అవుతుంది. సీ మైనర్‌లో అర మెట్టు దిగుతుంది. తిరిగి జీ దగ్గరికి వచ్చేటప్పటికి మొదలుపెట్టిన డీ దగ్గరికే చేరుతుంది. ధైర్యం చేసి రెండడుగులు ముందుకు వేసి, తలుపు దాకా వెళ్ళి, ఎవరూ చూడకుండా వెనక్కి వచ్చేసిన మనిషిలా ఉంటుంది నాకు ఆ నడక. తను ఇక్కడికి చెందినవాణ్ణి కానని పాడే మనిషికి ఇంతకంటే సరిపోయే కార్డులు దొరకవు.

మీరు అడిగిన గరగర సరిగ్గా ఆ వెనకడుగు మీద, అంటే చరణం చివరి సీ మైనర్ మీద వస్తుంది. అది బృందంలోని గిటారిస్టు జానీ గ్రీన్‌వుడ్ గిటార్. ఎడమ చెయ్యి తీగల మీద ఊరికే ఆనించి, తీగలు మోగకుండా పట్టుకుని, డిస్టార్షన్‌తో (శబ్దాన్ని గరుకుగా మార్చే ఎఫెక్ట్‌తో) కుడి చేత్తో గట్టిగా కొడతాడు. స్వరం ఉండదు, వట్టి చప్పుడే. అప్పటిదాకా చరణంలో మీరు విన్నదేమిటి? ఒక్కో తీగనూ విడివిడిగా మీటే శుభ్రమైన గిటార్, నింపాదిగా నడిచే బేస్, తగ్గు స్థాయిలో గొంతు. డ్రమ్స్ కూడా ఒద్దికగానే ఉన్నాయి. ఆ సుకుమారం మధ్యలోకి శ్రుతే లేని చప్పుడు వచ్చి పడుతుంది. మిగతా బృందం ఇంకా మెల్లగానే వాయిస్తూ ఉంటుంది, అది గమనించండి. గట్టి భాగం ఇంకా మొదలవలేదు. ఎవరో తలుపు అవతల బరువైన సామాను లాగుతున్నట్టు ముందు ఆ చప్పుడు మాత్రమే వస్తుంది.

మీ ఉలికిపాటుకు కారణం అక్కడే ఉందని నా నమ్మకం. పల్లవి నేరుగా విరుచుకుపడి ఉంటే పదోసారి వినేటప్పటికి అలవాటైపోయేది. కానీ ఈ పాట మిమ్మల్ని ముందు హెచ్చరిస్తుంది. హెచ్చరికకూ దెబ్బకూ మధ్య రెండు మూడు సెకన్లు టెన్షన్‌లో పెడుతుంది. మీకు ఎంత బాగా తెలిస్తే ఆ టెన్షన్ అంత ముందే మొదలవుతుంది. మీరు ఉలిక్కిపడుతున్నది తెలియక కాదు, తెలిసే.

ఆ గరగర ఎలా పుట్టిందో కూడా చెప్పాలి. బృందంలోని మరో గిటారిస్టు ఎడ్ ఓబ్రయన్ చెప్పినదాన్ని బట్టి, మొదట్లో జానీకి ఈ పాట నచ్చలేదు, మరీ మెత్తగా ఉందనిపించింది. దాన్ని చెడగొట్టాలని చేసిన ప్రయత్నమే ఆ చప్పుడు. నాకు ఈ సంగతి ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే. పాట నచ్చని మనిషి చెయ్యి పాటను నిలబెట్టింది. పాటలోని మనిషికి తనంటే తనకు ఎంత చిరాకో మాటలు చెబుతున్నాయి. ఆ చిరాకు మాటల్లోంచి బయటికొచ్చి చప్పుడైంది జానీ చేతిలోనే.

ఇంకొక్క మాట. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో చిప్పింగ్ నార్టన్ స్టూడియోలో దీన్ని రికార్డ్ చేశారు. నిర్మాతలు షాన్ స్లేడ్, పాల్ కొల్డెరీ. వాళ్ళు వేరే పాటల కోసం వచ్చి, అవి సరిగా కుదరక, మధ్యలో ఇది వాయించమని అడిగారు. బృందమంతా కలిసి దాదాపు ఒకే ఊపులో వాయించేసింది. ఒకరు తగ్గితే పక్కవాడు విని తగ్గడం, ఒకరు లేస్తే అందరూ లేవడం ఆ రికార్డింగ్‌లో వినిపిస్తుంది. విడివిడిగా రికార్డ్ చేసి అతికిస్తే ఆ ఊపిరి రావడం కష్టం.

ప్రశ్న: మెల్లగా చరణం, గట్టిగా పల్లవి అనే పద్ధతిని కనిపెట్టింది నిర్వాణా వాళ్ళేనా? మా అన్నయ్య అవునంటాడు.

కాదు. ఆ మాట నిర్వాణా గాయకుడు కర్ట్ కొబేనే ఒప్పుకున్నాడు. 1991లో వచ్చిన ‘స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్’ రాసేటప్పుడు పిక్సీస్‌ను అనుకరించడానికి ప్రయత్నించానని 1994లో ఒక ఇంటర్వ్యూలో దాపరికం లేకుండా చెప్పాడు. పిక్సీస్ అమెరికాలోని బోస్టన్ బృందం, 1986లో మొదలైంది. 1989 నాటి వాళ్ళ ఆల్బమ్ ‘డూలిటిల్’లో ‘టేమ్’ అని ఒక పాట ఉంది. రెండు నిమిషాలు కూడా ఉండదు. వాళ్ళ గాయకుడు బ్లాక్ ఫ్రాన్సిస్ చరణంలో గుసగుసలాడతాడు, పల్లవిలో గొంతు చీరుకుపోయేలా అరుస్తాడు. మీ అన్నయ్యకు ముందు అది వినిపించండి. వెంటనే నిర్వాణా పాట పెట్టి, చరణంలో గిటార్ ఏం చేస్తోందో వినమనండి. రెండంటే రెండు స్వరాలు మోగించి ఊరుకుంటుంది. పాటను మోసేది క్రిస్ట్ నోవొసెలిక్ బేస్, డేవ్ గ్రోల్ డ్రమ్స్.

రేడియోహెడ్‌కూ పిక్సీస్‌కూ ఒక చుట్టరికం ఉంది. పిక్సీస్ తొలి రికార్డింగ్‌కు ఇంజనీర్‌గా పనిచేసిన పాల్ కొల్డెరీయే తర్వాత ‘క్రీప్’ నిర్మాతల్లో ఒకడు. ఇంకా వెనక్కి వెళ్దామంటే, మెల్లగా సాగే సంగీతం మధ్యలో ఒక్కసారిగా దడేల్మనిపించడం ఆస్ట్రియా స్వరకర్త హైడన్ తన 94వ సింఫనీలో చేశాడు. అది లండన్‌లో తొలిసారి వినిపించింది 1792లో, ‘క్రీప్’కు సరిగ్గా 200 ఏళ్ళ ముందు.

ప్రశ్న: అక్కా, మాది నలుగురు కుర్రాళ్ళ బృందం. సొంత పాట ఒకటి కట్టాం. చరణం మెల్లగా, పల్లవి గట్టిగా అనుకున్నాం. కానీ పల్లవిలో అందరం ఎంత గట్టిగా వాయించినా పెద్ద తేడా తెలియడం లేదు. ఇంకో డిస్టార్షన్ పెడల్ కొంటే సరిపోతుందా?

కొనకు తమ్ముడూ. ఆ డబ్బు దాచుకో. నా అనుభవం చెబుతాను, మీకు పనికొస్తుంది.

మా బృందం మొదటి పెద్ద ప్రదర్శనకు ముందు నేను వారం రోజులు గదిలో ఒక్కదాన్నే కూర్చుని పెడల్ సెట్ చేసుకున్నాను. బేస్ పెంచాను, ట్రెబుల్ పెంచాను, మధ్య స్థాయిని బాగా తగ్గించాను. గదిలో ఆ శబ్దం కొండంత ఉండేది. స్టేజీ మీద పల్లవి రాగానే పెడల్ తొక్కాను. నా గిటార్ మాయమైపోయింది. నేను వాయిస్తున్నాను, వేళ్ళు కదులుతున్నాయి, ఏమీ వినపడదు. పాట అయ్యాక ముందు వరసలో కూర్చున్న స్నేహితురాలు వచ్చి “పల్లవిలో ఎందుకు వాయించడం ఆపేశావే?” అని అడిగింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

జరిగింది ఇదీ. నేను పెంచిన కింది స్థాయిని బేస్ గిటార్, కిక్ డ్రమ్ ముందే ఆక్రమించుకున్నాయి. పై స్థాయిని డ్రమ్మర్ తాళాలు మింగేశాయి. గిటార్‌కు మిగిలిందే మధ్య స్థాయి. దాన్ని నా చేత్తో నేనే తీసేశాను. పైగా డిస్టార్షన్ చేసే పనే తరంగం కొసలను కత్తిరించడం. మెల్లగా మీటినా గట్టిగా మీటినా బయటికొచ్చే శబ్దం దాదాపు ఒకే ఎత్తులో ఉంటుంది. చరణంలో శుభ్రమైన గిటార్‌ను గట్టిగా మీటి, పల్లవిలో పెడల్ తొక్కితే, శబ్దం పెరగడానికి బదులు తగ్గిందనిపించే ప్రమాదం కూడా ఉంది.

కాబట్టి మొదటి పని, మధ్య స్థాయిని వెనక్కి తెచ్చుకోండి. మన చెవి సుమారు 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య చాలా చురుగ్గా ఉంటుంది. డిస్టార్షన్ పుట్టించే కొత్త పౌనఃపున్యాలు చాలావరకు అక్కడికి చేరతాయి. మీటర్ మీద తేడా చిన్నదైనా చెవికి పెద్దగా తోచేది అందుకే. గిటార్ సెట్టింగ్ ఎప్పుడూ బృందం మొత్తం వాయిస్తుండగానే చూసుకోండి. గదిలో ఒంటరిగా చేసుకున్న సెట్టింగ్‌ను నమ్మొద్దు.

అసలు పని మాత్రం చరణంలో ఉంది. మీ ఉత్తరం అంతా పల్లవి గురించే. చరణంలో ఎవరెవరు ఏం వాయిస్తున్నారో ఒక్క ముక్క కూడా లేదు. నా ఊహ చెబుతాను, తప్పైతే క్షమించు. చరణంలో కూడా రెండు గిటార్లూ పూర్తి కార్డులు కొడుతున్నాయి, కాస్త మెల్లగా. డ్రమ్మర్ తెరిచిన హై-హ్యాట్ (కాలితో తెరిచి మూసే జంట తాళాలు) మీద వాయిస్తున్నాడు. పాడేవాడు మొదటి మాట నుంచే పై స్థాయిలో పాడుతున్నాడు. ఇక పల్లవి ఎక్కడికి ఎక్కుతుంది?

శబ్దం మనకు రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. ఆ 10 డెసిబెల్స్ పైన వెతికితే యాంప్ కేకలు పెడుతుంది, గొంతు పోతుంది, వినేవాళ్ళ చెవులు పోతాయి. కింద వెతికితే ఖర్చు లేదు. ఒక గిటారిస్టు చరణం మొత్తం చేతులు కట్టుకుని నిలబడాలి. చాలామందికి ఇది అవమానంగా అనిపిస్తుంది, కానీ పల్లవికి అతను చేసే పెద్ద సాయం అదే. రెండో గిటారిస్టు తన గిటార్ మీది వాల్యూమ్ నాబ్‌ను 10 నుంచి 4కు తిప్పి, తీగలు ఒక్కొక్కటిగా మీటాలి. డ్రమ్మర్ హై-హ్యాట్ మూసి, స్నేర్ డ్రమ్ అంచు మీద కర్ర అడ్డంగా పెట్టి కొట్టాలి. క్రాష్ తాళం జోలికి చరణంలో అసలు పోకూడదు. మొదటి క్రాష్ పల్లవి మొదటి దెబ్బతోనే మోగాలి. పాడేవాడు తన గొంతుకు హాయిగా ఉండే స్థాయి కంటే ఇంకాస్త కింద మొదలుపెట్టాలి.

మెల్లగా వాయించేటప్పుడు ఒక పొరపాటు అందరూ చేస్తారు, మేమూ చేశాం. శబ్దం తగ్గగానే వేగం కూడా తగ్గిపోతుంది. చెయ్యి వదులైతే లయ వదులవుతుంది. దీనికి మందు ఒకటే. మెట్రొనోమ్ (లయకు టిక్ టిక్ కొట్టే పరికరం) పెట్టుకుని చరణం ఒక్కటే అరగంట వాయించండి. పల్లవి వాయించొద్దు. నిజంగా మెల్లగా, నిజంగా బిగువుగా వాయించడం గట్టిగా వాయించడం కంటే కష్టమైన విద్య. మీ నలుగురూ ఒక వారం అదే చెయ్యండి. ఆ తర్వాత పల్లవి దానంతట అదే లేస్తుంది. అప్పటికీ లేవకపోతే మళ్ళీ రాయి, ఈసారి రికార్డింగ్ కూడా పంపు.

అన్నట్టు, పల్లవికి ముందు చివరి దెబ్బ ఒక్కటి ఖాళీగా వదిలి చూడండి. ఒక్క దెబ్బే. రెండు వదిలితే ఎవరో మర్చిపోయినట్టు ఉంటుంది.

ప్రశ్న: ప్రయాణంలో హెడ్‌ఫోన్స్‌తో ఇలాంటి పాటలు వినలేకపోతున్నాను. చరణం వినపడదు, వాల్యూమ్ పెంచితే పల్లవి చెవులు చిల్లులు పెడుతుంది. యాప్‌లో ‘నార్మలైజేషన్’ అని ఉంది, అది ఆన్ చేస్తే పోతుందా?

పోదండీ. సాధారణ సెట్టింగ్‌లో అది ఒక పాటకూ ఇంకో పాటకూ మధ్య ఉన్న తేడాను సరిచేస్తుంది. పాట మొత్తాన్ని ఒకే కొలతలో పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. పాట లోపల చరణానికీ పల్లవికీ ఉన్న తేడా అలాగే ఉంటుంది, ఉండాలి కూడా. మీ ఇబ్బందికి కారణం చుట్టూ ఉన్న రొద. అది చరణాన్ని మింగేస్తోంది. చెవిని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్ గానీ, బయటి రొదను తగ్గించేవి గానీ వాడండి. వాల్యూమ్‌ను చరణం దగ్గర కాకుండా పల్లవి దగ్గర సెట్ చేసుకుని, ఇక ముట్టుకోకండి. చరణం కొంచెం చెవి ఒగ్గి వినాల్సి వస్తుంది. అలా వినాలనే దాన్ని అలా చేశారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు చెప్పే హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. వాల్యూమ్ పెరిగేకొద్దీ ఆ గంటలు చాలా త్వరగా కరిగిపోతాయి. ఈ మాట మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. నాతో వాయించిన ఒక డ్రమ్మర్‌కు ఇప్పుడు రాత్రింబవళ్ళు చెవిలో గీమని మోత. పోయిన వినికిడి తిరిగి రాదు.

పాత పాటల కొత్త ప్రతులు కొనేటప్పుడు కూడా జాగ్రత్తగా ఉండండి. రీమాస్టర్ పేరుతో మెల్లటి భాగాలను పైకి లాగి అంతా ఒకే ఎత్తుకు తెచ్చినవి ఉన్నాయి. నిర్వాణా ‘నెవర్‌మైండ్’ 2011 ప్రతి మీద ఈ విమర్శే వచ్చింది. వీలైతే 1991 నాటి సీడీ సంపాదించి, రెండూ ఒకదాని తర్వాత ఒకటి వినండి. నా వోటు పాతదానికే.

ప్రశ్న: ‘క్రీప్’ చివరి పల్లవి మెల్లగా అయిపోతుంది. అంత ఎత్తుకు తీసుకెళ్ళి అలా నీరుగార్చడం పాటలో లోపమని నా స్నేహితుడి వాదన. నాకు అదే నచ్చుతుంది, కానీ ఎందుకో చెప్పలేకపోతున్నాను. మీరేమంటారు?

నేను మీ పక్షం. నా దృష్టిలో ఈ పాటకు ప్రాణం ఆ చివరి అర నిమిషమే.

వరస గుర్తు చేసుకోండి. రెండుసార్లు మెల్లటి చరణం, గరగర, గట్టి పల్లవి. తర్వాత యార్క్ గొంతు పైపైకి పోయే భాగం, గిటార్లన్నీ హోరెత్తుతుంటాయి. ఆ హోరు తగ్గాక మళ్ళీ చరణం, అదే మెల్లటి గిటార్. చరణం ముగుస్తుంది, సీ మైనర్ వస్తుంది. ఇప్పటికి మీ చెవికి బాగా అలవాటైంది, ఇక్కడ ఆ గరగర రావాలి. రాదు. భుజాలు బిగబట్టి కూర్చున్న మీకు దెబ్బ పడదు. పల్లవి అవే మాటలతో, అవే కార్డుల మీద వస్తుంది, కానీ అరవడానికి ఓపిక లేని మనిషి గొంతులో. వెనక పియానో వినిపిస్తుంది.

మొదటి రెండుసార్లు ఆ మాటలు కోపంలా వినపడ్డాయి. గట్టి గిటార్ల చాటున ఎవరైనా ఎంత మాటైనా అనేయవచ్చు. మూడోసారి చాటు లేదు. అవే మాటలు ఇప్పుడు ఒప్పుకోలుగా వినిపిస్తాయి. మీ స్నేహితుడు నాలుగో నిమిషంలో ఇంకో పేలుడు కోరుకుంటున్నాడు. అది వచ్చి ఉంటే మూడు పల్లవులూ ఒకే మాట చెప్పేవి.

ఒక పని చేయమనండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆ చివరి సీ మైనర్ దగ్గర తన చెయ్యి ఏం చేస్తోందో చూసుకోమనండి. నా కుడి చెయ్యి ఇన్నేళ్ళ తర్వాత కూడా అక్కడ తీగల మీద కొట్టబోయి ఆగుతుంది. పాట మాత్రం మెల్లగా వెళ్ళి జీ కార్డు మీద ఆగిపోతుంది, మొదలైన చోటే.